తేడా

పదిహేనో తారీకు. పర్లాకిమిడిలో మా వార్డాఫీసు వరండా.
వేలిముద్రల మిషను నా బల్ల మీద కీచుమంటోంది.
వరసలో మనుషులకి బదులు చెప్పులు నిలబడ్డాయి.
మనుషులు గోడనీడకి జరిగి
భత్తా ఎంతుండాలని వాదించుకుంటున్నారు.

పాఢీ మాస్టారిది ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పిన గొంతు,
తెలుగు మాట్లాడినా ఒడియాలోనే ఆగుతుంది.
"ఖజానా ఏమన్నా నుయ్యా, తోడేకొద్దీ ఊరడానికి?
ఇవాళ పెంచితే రేపు బడికి కప్పు ఎవరేస్తారు?
పుచ్చుకోవడం మరిగిన చెయ్యి పనికి వంగుతుందా?"
ఆయన తన బతికున్న సర్టిఫికెట్టు కోసం వచ్చాడు.
ఏటా నవంబరులో ఆయనా ఈ మిషను మీదే వేలు పెడతాడు.
ఆ మాట ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

"వంగిన సెయ్యి ఇదిగో మేస్టారూ" అంది తౌడమ్మ.
నలభై ఏళ్లు గేదెకొమ్ము అరగదీసి
కొంగలూ రొయ్యలూ దువ్వెనలూ చేసిన చెయ్యి.
కొమ్ముతో పాటే వేలిగీతలూ పోయాయి.
మిషను ఎర్రగా చూసింది. మళ్లీ. మళ్లీ.
నిమ్మచెక్క రుద్దాను, తడిగుడ్డతో తుడిచాను.
ఏడోసారికి, ఎడమ ఉంగరం వేలికి
ఒప్పుకుంది ఆవిడ ఆవిడేనని.
అప్ప తరవాత ఇద్దరు దక్కక
పుట్టగానే చేటెడు తవుడుకి అమ్మి కొనుక్కున్న పిల్లట.
ధర కట్టించుకోవడం ఆవిడకి కొత్త కాదు.
నోట్లు లెక్కపెట్టి ఇచ్చాను.
ఎక్కువసేపు పట్టదు ఆ లెక్క.

అప్పుడు దిగింది ఆటోలోంచి
ఆ అప్ప, ఆదెమ్మ, పాతపట్నం కోడలు.
ఒక్క తల్లి పాలు తాగినవాళ్లని
ఒకర్ని ఆంధ్రాకీ ఒకర్ని ఒడిశాకీ ఇచ్చారు.
అవతలి పింఛను పెద్దది, ఇవతలిది చిన్నది,
మధ్యలో మోకాలిలోతు మహేంద్రతనయ.

చంకలోని కేలండర్లు రెండూ విప్పి బల్ల మీద పరిచింది.
ప్రతి ఒకటో తారీకు గడిలోనూ బొగ్గుగీత.
"పాపా, కూడు.
నాకొచ్చినదాంట్లో దానికొచ్చింది తీసేస్తే
మిగిలినదాంట్లో సగం, నెలనెలా దీనికి సర్దుతన్నాను.
దానం కాదే. అప్పు.
ఇదేటి తీరుస్తాది? మీ గవర్మెంటు తీర్చాల.
వొడ్డీ అడగను, తోడబుట్టిందని."

తౌడమ్మ తల తిప్పుకుంది.
ఆ తేడాని నేను వాళ్లింట్లో చూశాను:
రోజు విడిచి రోజు వేసుకునే బీపీ మాత్ర రోజూ వేసుకోవడం,
సంతలో ఎండుచేప తలకాయలు దాటి
నడుముక్క బేరమాడడం,
మనవడు చెయ్యి చాపితే
రేపు రారా అనకుండా ఉండడం.

వరండా అంతా నవ్వింది.
"ఏ ఆఫీసుకి పంపమంటావు మామ్మా ఈ బిల్లు?"
"మిషనుంది కదా. అందులో ఎక్కించు."

ఇరవై రెండు గీతలు. కూడాను.
నామీద నాకే నమ్మకం చాలక
కాగితం మాస్టారి వైపు జరిపాను.
కళ్లజోడు నుదుటి మీంచి దించి
పిల్లల పేపరు దిద్దుతున్నట్టు
ఒక్కో నెల మీదా వేలు పెట్టుకుంటూ వెళ్లాడు.
"జూలైలో గీత లేదేం?"
"ఏరొచ్చేసింది. దాటనివ్వలేదు.
మర్నెల రెండూ కలిపి ఇచ్చీసినాను."
"ఇచ్చాక రాయాలి కదా!" కసిరాడు.
"ఒక నెల తక్కువ అడుగుతున్నావు. ఇరవై మూడు."
ఎర్రసిరాతో దిద్ది, మొత్తం వేసి, కింద రెండు గీతలు గీసి,
పాత అలవాటు కాబోలు,
సంతకం కూడా పెట్టాడు.

మర్నాడు టీకొట్టు దగ్గర మళ్లీ
ఊరని నుయ్యి గురించే చెబుతున్నాడట.
ఆ కాగితం నా సొరుగులో ఉంది, చార్జరు కింద.
బీడీవో వచ్చినరోజు సొరుగు సగం లాగి
మళ్లీ మూసేశాను.

తరవాతి నెల ఆదెమ్మ కేలండరుతో వచ్చింది.
బొగ్గు చెరిగిపోతోందట.
పెన్ను అడిగింది.
నీలంది ఇస్తే వెనక్కిచ్చి
ఎర్రది కావాలంది.